పాలగదిలో దీపం

"ముందు ఆ పళ్ళేలు దించండి. లేకపోతే వాటితో పాటే బీరువా లాగేస్తాను," అన్నాడు టెక్విన్.

ఎయిర్లిస్ కదలలేదు. వంటింటి గోడలో సగం మేర పరుచుకుని ఉన్న ఆ పాత చెక్క బీరువాకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ తల వెనక అరల్లో నీలిరంగు పూల పళ్ళేలు వరసగా ఉన్నాయి. అవి ఆవిడ అత్తగారివి. అంతకుముందు ఆ అత్తగారి అత్తగారివి.

"ఇప్పుడెందుకు నాన్నా," అంది లౌరి. పొయ్యి పక్కన కుర్చీలో పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుందామె. పొద్దుటినుంచి ఏడ్చిన గొంతు బొంగురుపోయింది. "పాలే పోయాక ఫ్రిజ్ ఎక్కడుంటే ఏం?"

"ఇవాళంతా ఉందిగా. రేపు ఆస్పత్రికి బయల్దేరేదాకా నువ్వు తీసే ప్రతి చుక్కా దాచాలి. ఈసారి మనుషులుండే గదిలో దాచాలి."

రేపు సోమవారం, లౌరికి మొదటి విడత మందు ఎక్కిస్తారు. ఆ మందు ఒంట్లోకి వెళ్ళాక ఆమె పాలు పాపకి పనికిరావు. మెడలో గడ్డ మామూలు గడ్డ కాదని డాక్టరు చెప్పిన రోజునుంచీ లౌరి ఒకటే పని పెట్టుకుంది. పాప మాబ్లి తాగగా మిగిలిన పాలన్నీ తీసి, చిన్న చిన్న సంచుల్లో పోసి, ఫ్రీజరులో గడ్డకట్టించడం. వేసవి దాకా రోజుకి ఒక్కపూటైనా పాపకి తల్లి పాలు అందాలని ఆమె ఆశ. మూడు రోజులుగా పాప తాగగా ఏమీ మిగలక ఫ్రీజరు దగ్గరికి వెళ్ళలేదు. ఇవాళ పొద్దున కొత్త సంచి పెడదామని తలుపు తీస్తే, లోపల ఉన్నవన్నీ మెత్తగా చేతికి తగిలాయి. గట్టిగా ఉన్నది ఒక్కటి లేదు.

బయట గొర్రెల తొట్టిలో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. లోపల ఫ్రీజరులో పాలు కరిగిపోయాయి.

ఈ విడ్డూరం ఆ ఇంటికి కొత్తేమీ కాదు. పెళ్ళికి టెక్విన్ కూతురికి ఇచ్చిన ఫ్రిజ్ అది, కింద ఫ్రీజరు ఉన్నది. వంటింట్లో చోటు లేదని ఎయిర్లిస్ దాన్ని ఉత్తరం వైపు పాలగదిలో పెట్టించింది. పూర్వం వెన్న తీసిన గది. రాతి నేల, రాతి బల్లలు, పొయ్యి అనేదే లేదు. మొదటి చలికాలంలోనే ఫ్రీజరులో బఠానీలూ చేపలూ కరిగి కంపుకొట్టాయి. అప్పుడు తెలిసింది సంగతి. పై అరలో చల్లదనాన్ని చూసుకుని నడిచే యంత్రమట అది. గదే చల్లగా ఉంటే, తన పని అయిపోయిందనుకుని పడుకుంటుందట. అది పడుకుంటే కింద గడ్డకట్టినవన్నీ మెల్లగా కరుగుతాయి. అందుకని చలికాలం రాగానే లౌరి మొగుడు గెరైంట్, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల్ని వెచ్చబెట్టే ఎర్రదీపం ఒకటి తెచ్చి ఫ్రిజ్ పక్కన వేలాడదీసేవాడు. ఆ వేడికి ఫ్రిజ్ మేలుకుని ఉండేది.

ఇవాళ పొద్దున పాలగదిలో దీపం లేదు. కొక్కెం ఖాళీగా ఉంది.

"నేనడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు," అన్నాడు టెక్విన్. బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక సీట్లో అల్లరి చేసేవాళ్ళని అద్దంలో చూసే చూపు ఇంకా పోలేదు. "ఆ దీపం ఎవరు తీశారు?"

గెరైంట్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. బూట్లకి గడ్డి అంటుకుని ఉంది.

ఎయిర్లిస్ కొడుకు వంక చూసింది.

గురువారం తెల్లారుతుండగా ఆవిడ ఈ వంటింట్లోనే పొయ్యి రాజేస్తోంది. కిటికీలోంచి చూసింది. గెరైంట్ పాలగదిలోంచి దీపం చంకలో పెట్టుకుని, మంచులో తల వంచుకుని గొర్రెల కొట్టం వైపు వెళ్తున్నాడు. దాని బదులు ఏదో ఒకటి పెట్టే ఉంటాడులే అనుకుంది. మళ్ళీ ఆ విషయం ఆలోచించలేదు.

ఇప్పుడు చెప్తాడు, అనుకుంది. చెప్పడానికి ఊపిరి తీసుకుంటున్నాడు.

"దీపం కొట్టంలో ఉంది," అన్నాడు గెరైంట్. "కవల గొర్రెపిల్లల దగ్గర."

"ఎక్కడుందని అడగలేదయ్యా. నేనూ చూశాను. ఎవరు తీశారని అడిగాను." టెక్విన్ ఎయిర్లిస్ వైపు తిరిగాడు. "ఆ పిల్లలకి సీసా పట్టేది మీరే కదూ?"

"నేనే," అంది ఎయిర్లిస్.

"చలికాలమంతా ఆ దీపం మీద సణిగింది కూడా మీరే. ఖాళీ గదికి ఎండ కాయిస్తున్నారని నా ఎదురుగానే అన్నారు, క్రిస్మస్‌కి వచ్చినప్పుడు."

"అన్నాను."

"అని?"

ఆవిడ మళ్ళీ కొడుకు వంకే చూసింది. గెరైంట్ చూపు తన బూట్ల మీద ఉంది.

"అమ్మ కావాలని చెయ్యలేదు లౌరీ," అన్నాడు.

ఎయిర్లిస్‌కి ముందు అర్థం కాలేదు. ఆ మాటలు గదిలో ఇంకెవరి గురించో అన్నట్టు వినిపించాయి. తర్వాత అర్థమైంది.

లౌరి పాప తల మీద చెయ్యి వేసి మొగుడి మొహం చూసింది, తర్వాత అత్తగారి మొహం చూసింది.

"కావాలని ఎవరంటారు," అన్నాడు టెక్విన్. ఇంతకుముందు కంటే మెల్లగా, ఇంకా చేదుగా అన్నాడు. "జబ్బు సంగతి తెలిసిన వారంలోనే నా కూతురు అడిగింది మిమ్మల్ని. ఆ బీరువా ముందుగదిలోకి జరిపితే ఫ్రిజ్ ఇక్కడ పడుతుందని. మీరేమన్నారు? వసంతం వచ్చాక చూద్దామన్నారు. పింగాణీ పళ్ళేలకి వెచ్చటి వంటిల్లు. నా మనవరాలి పాలకి మంచుగది."

ఆ ఒక్కమాటలో మాత్రం అబద్ధం లేదు.

ఆవిడ బీరువా వైపు తిరిగి, పై అరలోంచి మొదటి పళ్ళెం తీసి టెక్విన్ చేతికిచ్చింది. రెండోది తీసింది. ఒక్కొక్కటే ఇస్తూనే ఉంది. ఆయన తీసుకుని బల్ల మీద పేర్చసాగాడు.

"నేను పెడతాను వాటిని," అని ముందుకొచ్చాడు గెరైంట్.

"నువ్వు ముట్టుకోకు," అంది ఎయిర్లిస్.

*

మధ్యాహ్నం పులుసు వండింది గానీ ఎవరూ గిన్నె దగ్గరికి రాలేదు. బీరువాని గోడనుంచి ఒక మూర జరిపి, అక్కడితో ఆపారు. ఫ్రిజ్ తేవాలంటే ముందు అందులోవి తియ్యాలి. అవి నేను తప్ప ఎవరూ ముట్టుకోవద్దంది లౌరి. పాపని టెక్విన్ చేతికిచ్చి పాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఎయిర్లిస్ కోటు తగిలించుకుని కొట్టానికి వెళ్ళింది.

కవల పిల్లలు ఎర్రదీపం కింద ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పడుకున్నాయి. మూడు రోజుల కింద చచ్చినట్టు చల్లగా ఉన్నవి, ఇప్పుడు పొట్టలు నిండి, చెవులు ఆడిస్తున్నాయి. పక్క దడిలో గెరైంట్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక గొర్రె పొదుగు చూస్తున్నాడు.

"ఎందుకురా?" అంది ఆవిడ.

దేని గురించని అతను అడగలేదు. "నోట్లోంచి వచ్చేసింది."

"నోట్లోంచి వచ్చేసేది నిజం. అబద్ధం దానంతటది రాదు, ఎవరో ఒకరు తయారు చేసుకోవాలి."

"ముసలి గొర్రె ఆ మంచులో ఈనింది. తక్కిన దీపాలన్నీ వేరే పిల్లల దగ్గర ఉన్నాయి. కాసేపు పెట్టి తిరిగి తెచ్చేద్దామనుకున్నాను. ఇంతలో ఇంకోదానికి పిల్ల అడ్డం తిరిగింది. ఆ తర్వాత దారి మూసుకుపోయింది, తెరిచే పని పడింది. మర్చిపోయానమ్మా. మామూలు బల్బు ఒకటి తగిలించినా సరిపోయేది. అదీ తోచలేదు."

"ఈ ముక్కలే లౌరికి చెప్పు."

"చెప్పలేను."

"తిడుతుంది. ఏడుస్తుంది. అంతేగా."

గెరైంట్ లేచి నిలబడ్డాడు. ముప్పైనాలుగేళ్ళవాడు. ఆ ఎర్రటి వెలుతురులో వాడి కళ్ళ కింద నలుపు ఇంకా నల్లగా ఉంది.

"రేపటినుంచి అది మంచం పడుతుంది. వాంతులైతే గిన్నె పట్టాల్సింది నేను. జుట్టు ఊడితే దిండు దులపాల్సింది నేను. ఆర్నెల్లు నా మొహమే చూస్తూ ఉండాలి. చూసినప్పుడల్లా ఆ పాలు గుర్తొస్తే ఎలా బతుకుతుంది అది? నేనెలా బతుకుతాను?"

"నా మొహం చూసి గుర్తు తెచ్చుకోవచ్చా?"

అతను చేతిలో గడ్డిపోచ తుంచుతూ నిలబడ్డాడు.

"మీ ఇద్దరికీ ముందునుంచీ పడదు కదా," అన్నాడు చివరికి. "నీ మీద ఎలాగూ కోపం ఉంది దానికి. ఉన్నదానికి ఇంకొకటి కలుస్తుంది. అంతే."

బరువెక్కిన బండి మీద ఇంకో బస్తా వేసినట్టు అన్నాడు. బండి ఏమంటుందని బస్తా వేసేవాడు ఎప్పుడైనా ఆలోచిస్తాడా.

ఎయిర్లిస్‌కి చెయ్యెత్తి కొట్టాలనిపించింది. ఎత్తలేదు. వాళ్ళ నాన్న చెయ్యి దురుసు. గెరైంట్ చిన్నప్పుడు గేటు తెరిచి వదిలేస్తే, గొర్రెలు పక్కవాళ్ళ గడ్డిలో పడితే, ట్రాక్టరు అద్దం పగిలితే, నేనే చేశానని ఆవిడే చెప్పేది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వాడు ఆవిడ వెనక గౌను పట్టుకుని నిలబడేవాడు. తండ్రి పోయి తొమ్మిదేళ్ళయింది. వాడు మాత్రం అక్కడినుంచి బయటికి రాలేదు. వాణ్ణి అలా నిలబెట్టింది ఎవరని అడిగితే ఏం చెప్పాలి.

"నీ బిడ్డ పాలురా అవి," అంది.

"తెలుసు."

"తెలిసే అన్నావా ఆ మాట?"

"రేపటి దాకా ఊరుకో అమ్మా. మందు ఎక్కి, కాస్త కుదుటపడ్డాక నేనే చెప్తాను. ప్రమాణంగా చెప్తాను. ఇవాళ మాత్రం ఊరుకో."

వెనక కవల పిల్లల్లో ఒకటి లేచి, ఆవిడని చూసి సీసా తెచ్చిందనుకుని అరిచింది. ఎయిర్లిస్ దాని వంక చూడలేదు. తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది.

*

పాలగది తలుపు మీద ఒకసారి తట్టింది.

"రండి," అంది లౌరి లోపలినుంచి. "తలుపు వెయ్యక్కర్లేదు. ఇప్పుడు చలి లోపలికొస్తే ఏం, రాకపోతే ఏం."

రాతి తొట్టి దగ్గర నిలబడి సంచులు ఒక్కొక్కటే చివర కత్తిరించి పారబోస్తోంది. చేతులు చలికి ఎర్రబడి ఉన్నాయి. కోటు వేసుకోలేదు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బల్బు వెలుగుతోంది గానీ యంత్రం చప్పుడు లేదు.

"నేను పోస్తానమ్మా. నువ్వెళ్ళి కాసేపు నడుం వాల్చు."

"తీసింది నేను. పోసేదీ నేనే."

ఎయిర్లిస్ రాతి బల్ల పక్కన నిలబడింది. వెళ్ళిపోవడం చేతకాలేదు, ఉండడం చేతకాలేదు.

"నర్సుకి ఫోన్ చేశాను," అంది లౌరి చెయ్యి ఆపకుండానే. "ఎప్పుడు కరిగాయో తెలియనివి పాపకి పట్టొద్దంది. పాలపొడి మంచిదే, లక్షలమంది పిల్లలు తాగి పెరుగుతున్నారు అంది. అది నాకు తెలియదా? పాప చచ్చిపోతుందని ఏడుస్తున్నానా నేను? నేనుండని రోజుల్లో కూడా దానికి నాది ఏదో ఒకటి ఉండాలనుకున్నాను. అంతే. అది చెప్తే ఫోన్‌లో ఎవరికి అర్థమవుతుంది?"

"నువ్వెక్కడికీ పోవు. ఆస్పత్రికి వెళ్ళి వస్తావు."

"అందరూ అదే అంటున్నారు. గెరైంట్ కూడా అదే అంటాడు, గోడ వైపు తిరిగి."

ఇంకో సంచి కత్తిరించింది. ఆ పాలు తక్కినవాటికంటే చిక్కగా, కొద్దిగా పసుపు పచ్చగా జారాయి.

"ఇవి మొదట్లోవి," అంది. "అప్పుడు బాగా పడేవి."

పాతికేళ్ళు ఎయిర్లిస్ ఈ గదిలోనే పాలు కడవల్లో పోసింది. ఒక్క చుక్క నేల మీద పడితే అత్తగారు రోజంతా సాధించేది. ఈ తొట్టిలోకి ఇన్ని పాలు పోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"బీరువా సంగతి," అంది ఆవిడ. "అది నా తప్పే. నువ్వడిగిన రోజునే జరిపించాల్సింది. ఏదో పట్టుదల. ఈ ఇంట్లో నాదంటూ మిగిలింది ఆ గోడ ఒక్కటే అనిపించింది. చెప్పుకోడానికి కూడా సిగ్గుగా ఉంది."

లౌరి మొదటిసారి చెయ్యి ఆపి ఆవిడ వైపు తిరిగింది. ఆ మాట ఆమె ఎదురుచూసినట్టు లేదు.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్తారా?"

"అడుగు."

"దీపం తీసేటప్పుడు ఈ పాలు మీకు గుర్తు రాలేదా?"

కత్తెర చేతిలో అలాగే ఉంది. ఆమె కళ్ళు అత్తగారి మొహం మీదనుంచి కదలలేదు.

గుర్తొచ్చాయంటే రాక్షసి. రాలేదంటే మతిలేని మనిషి. తీసింది నేను కాదంటే, రేపు ఆ పిల్ల ఎవరి చెయ్యి పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కుతుంది? ఎయిర్లిస్‌కి కొట్టంలో కొడుకు మొహం కళ్ళ ముందు మెదిలింది. మంచివాడు కాదు. అయినా ఈ పిల్లకి ఉన్నది వాడే.

"రాలేదు," అంది. "గొర్రెపిల్లలు చచ్చిపోతున్నాయన్న ధ్యాసలో ఇంకేదీ గుర్తు రాలేదు."

లౌరి చాలాసేపు చూసింది.

"సరే," అంది.

మిగిలిన సంచులు గబగబా కత్తిరించి పోసేసింది. కుళాయి తిప్పి తొట్టి కడిగింది. చేతులు గౌనుకి తుడుచుకుని ఫ్రిజ్ తలుపు మూసింది.

"ఇంక దీన్ని వంటింట్లోకి జరపక్కర్లేదు. నాన్నతో చెప్తాను. మీ పళ్ళేలు మళ్ళీ సర్దుకోండి."

"అదేమిటి?"

"మాబ్లిని మా నాన్నవాళ్ళింటికి తీసుకెళ్తున్నాను. ఇవాళే. ఈ మందులు అయ్యేదాకా అక్కడే ఉంటుంది. మా అక్క పక్క వీధిలోనే ఉంది, పగలు చూసుకుంటుంది."

ఎయిర్లిస్ రాతి బల్ల అంచు పట్టుకుంది. "నువ్వు ఆస్పత్రిలో ఉన్న రోజులు నా దగ్గర ఉంటుందన్నావు. చెక్క ఊయల నా గదిలో వేయించావు."

"అన్నాను."

"దీపం మర్చిపోయిన మనిషి పాపని ఎక్కడ మర్చిపోతుందో అనా?"

"నేనలా అనలేదు."

"మరి ఎందుకు?"

"నేనేమీ అనలేదు ఎయిర్లిస్. మీరే అంటున్నారు," అని లౌరి ఆవిడ పక్కనుంచి బయటికి నడిచింది.

*

ఊయల విప్పింది గెరైంటే.

అంతకుముందు వంటింట్లో చిన్న గొడవ జరిగింది. గొడవ అనడానికి కూడా లేదు. పాప బట్టలు సంచిలో సర్దుతున్న పెళ్ళాం దగ్గరికి వచ్చి అతను, "ఇంత తొందరగా నిర్ణయించెయ్యాలా? దానికి మన ఇల్లు అలవాటు," అన్నాడు.

లౌరి తలెత్తి, గదిలో అందరికీ వినబడేలా అడిగింది. "మీ అమ్మ మీద నాకు నమ్మకం పోయింది. నీకుందా?"

టెక్విన్ పాపకి ఉన్ని టోపీ కడుతూ ఆగాడు. ఎయిర్లిస్ గోడ వారగా నిలబడి ఉంది. బీరువా జరిపిన చోట గోడ మీద పాత సున్నం తెల్లగా కనబడుతోంది.

నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. అందరూ అతని వంకే చూస్తున్నారు.

"నీ ఇష్టం," అన్నాడు గెరైంట్.

తర్వాత మేడ మీదికి వెళ్ళి, తల్లి గదిలో ఊయల మరలు ఊడదీసి, చెక్కలు ఒక్కొక్కటే కిందికి తెచ్చాడు. దారిలో ఎయిర్లిస్ ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు, పరాయి ఇంట్లో పని చేస్తున్నవాడిలా.

ఎయిర్లిస్ తన గదిలోకి వెళ్ళి చూసింది. ఊయల ఉన్నచోట తివాచీ మీద నాలుగు గుంటలు. మంచం మీద కూర్చోబోయి మానేసింది. పాప కోసం అల్లిన శాలువా తీసుకుని కిందికి దిగింది.

వాకిట్లో కారు ఇంజను నడుస్తోంది. టెక్విన్ డిక్కీలో ఊయల చెక్కలు ఇరికించడానికి తంటాలు పడుతున్నాడు. లౌరి వెనక సీట్లో పాప పక్కన కూర్చుని ఉంది. ఎయిర్లిస్ అటువైపు నడిచింది. మంచు గట్టిపడి అడుగులు జారుతున్నాయి. అద్దం మీద వేలితో తట్టింది.

లౌరి అద్దం దించింది.

"చలిగా ఉంది. ఇది కప్పు," అని శాలువా అందించింది ఎయిర్లిస్. మాబ్లి నిద్రపోతోంది. నోరు మాత్రం కలలో పాలు తాగుతున్నట్టు కదులుతోంది.

అది చూశాక ఇంక ఆవిడ వల్ల కాలేదు. కొడుకూ గుర్తు లేడు, రేపటి మందూ గుర్తు లేదు.

"దీపం తీసింది నేను కాదు," అంది.

"తెలుసు," అంది లౌరి.

డిక్కీ దగ్గర టెక్విన్ ఏదో విసుక్కుంటున్నాడు. ఆయనకి ఇవేమీ వినబడటం లేదు.

"మేడ మీది కిటికీలోంచి చూశాను," అంది లౌరి మెల్లగా. "గురువారం పాప ఏడిస్తే లేచాను. తను దీపం పట్టుకుని వెళ్తున్నాడు, తీగ మంచులో ఈడ్చుకుంటూ. బదులు ఏదో పెట్టే ఉంటాడనుకున్నాను. మొగుడు కదా, పాపకి తండ్రి కదా, ఆ మాత్రం చూసుకోడా అనుకుని మళ్ళీ పడుకున్నాను. అది నా తప్పు. అందుకు పొద్దుటినుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను."

"మరి పొద్దున్నే ఎందుకు అనలేదు?"

"తనే చెప్తాడనుకున్నాను. మర్చిపోయానంటే ఏమనేదాన్ని? ఏడ్చేదాన్ని. ఇద్దరం ఏడ్చేవాళ్ళం. గొర్రెపిల్లలైనా బతికాయి అనుకునేవాళ్ళం." ఆమె పాప మీద శాలువా సర్దింది. "పాలు పోయినందుకు కాదు నేను పోతున్నది. మీ మీదికి తోసేశాడు చూడండి, ఎంత తేలిగ్గా తోసేశాడు. రేపు నాకు బాగా లేనప్పుడు నా గురించి కూడా అలాగే ఎవరికో ఏదో చెప్తాడు."

"వాడు చెడ్డవాడు కాదమ్మా. భయపడ్డాడు."

"నాకు భయం లేదా?"

ఎయిర్లిస్ ఇంటి తలుపు వైపు చూసింది.

"మిమ్మల్ని కూడా అడిగాను," అంది లౌరి. "నిజం చెప్తారా అని మరీ అడిగాను. నా కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పారు. నా మంచికే అనుకున్నారు, తెలుసు. ఈ ఇంట్లో అందరూ నా మంచికే అబద్ధం చెప్తారు. రేపటినుంచి డాక్టర్లు ఏం చెప్పారో కూడా మీరిద్దరూ వంటింట్లో మాట్లాడుకుని, నాకు వేరేగా చెప్తారు. నా కూతుర్ని ఎలా వదలను ఇక్కడ?"

"ఇప్పుడు చెప్పాను కదా లౌరీ."

"మీరు చెప్పారు. ఆలస్యంగానైనా చెప్పారు." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "తను చెప్పాలి. నేను తిరిగి ఈ గుమ్మం తొక్కుతానో లేదో అప్పుడు చూస్తాను. మీరు ఇంకేమీ అనకండి. అతని వంతు కూడా మీరే మోయకండి."

ఇంటి తలుపు చప్పుడైంది. గెరైంట్ ఊయల పరుపు చంకలో పెట్టుకుని, మంచులో జాగ్రత్తగా అడుగులేస్తూ వస్తున్నాడు. "ఇది మర్చిపోయారు," అని ముందు తలుపు తీసి సీట్లో పెట్టాడు. కిటికీ దగ్గరికి వచ్చి, వంగి, నిద్రపోతున్న కూతురి బుగ్గ వేలితో తాకాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు నిజమైన నీళ్ళే.

"రేపు పొద్దున్నే వచ్చేస్తాను. లోపలికి నేనూ వస్తాను నీతో," అన్నాడు.

లౌరి తల ఊపింది. ఇంకేదో వినాలన్నట్టు అతని మొహంలోకే చూస్తూ ఉంది. చెప్పరా, అని ఎయిర్లిస్ లోపల అనుకుంది. ఇప్పుడు చెప్పు. ఒక్క ముక్క చెప్పు.

గెరైంట్ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు గౌను పట్టుకున్న చెయ్యే అది.

"అమ్మ మీద కోపం పెట్టుకోకు లౌరీ," అన్నాడు. "పెద్దదైపోయింది. మతిమరుపు."

లౌరి అద్దం ఎత్తలేదు. అతన్ని దాటి అత్తగారి వంక చూసింది.

"విన్నారుగా," అంది.

గెరైంట్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తల్లి భుజం మీదనుంచి చెయ్యి తీశాడు.

"ఏమిటి వినేది?" అన్నాడు.